ఫిజిక్స్‌ను ఇష్టపడి ఎంచుకునేలా చేద్దాం

సంపాదకులకు,

పదో తరగతి తర్వాత పిల్లలు ఎంపీసీనో, బైపీసీనో ఎంచుకుంటారు గానీ ఫిజిక్స్‌ను కాదు. అది గ్రూపుతో పాటు వస్తుంది. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 40, నీట్‌లో 180కి 45 దానివే కాబట్టి చదువుతారు. ఇష్టంతో రావాలంటే తొమ్మిది, పది తరగతుల్లోనే ప్రయోగం వాళ్ల చేతికివ్వాలి.

అందుకు గురుత్వ త్వరణాన్ని (కిందపడే వస్తువు వేగం పెరిగే రేటును) కొలిచే లోలకం చాలు: మీటరు పొడవుకు దారం, ఇనుప గుండు, స్టాప్‌వాచ్. పొడవు కొక్కెం దాకా కాదు, గుండు మధ్య వరకు కొలవాలి. ఊపు 10 డిగ్రీలు దాటకూడదు. ఒక్క డోలనానికే (అటూ ఇటూ ఒక పూర్తి ఊపుకే) సమయం చూస్తే 2 సెకన్లలో బటన్ నొక్కే ఆలస్యమే 0.2 సెకను ఉండొచ్చు. అంటే 10 శాతం తప్పు. లెక్కలో ఆ కాలాన్ని వర్గం చేస్తాం కనుక గురుత్వ త్వరణంలో అది దాదాపు 20 శాతమవుతుంది. 20 డోలనాలకు చూసి భాగిస్తే కాలంలో తప్పు అర శాతానికి దిగుతుంది. ఇది స్వయంగా పట్టుకున్న పిల్లలకు ఆ సబ్జెక్టంటే భయం పోతుంది.

కానీ చాలాచోట్ల గురుత్వ త్వరణం విలువ 9.8 అని ముందే రాసి, దానికి సరిపడా రీడింగులు పూరిస్తున్నారు. ఇది పిల్లలకు చేస్తున్న అన్యాయం. విద్యాశాఖ వారానికి రెండు వరుస పీరియడ్లు ల్యాబ్‌కు కేటాయించి, 9.8 రాకపోయినా సొంత రీడింగులకే మార్కులు వేయించాలి.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు