తప్పు పిల్లది కాదని తేల్చినవాళ్లకు

బెంగళూరు మారతహళ్లి నుంచి మా ఇంటిల్లిపాది తరఫున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నిన్న సాయంత్రం 10 మీటర్ల దూరాన మా అమ్మాయి కొత్త ఎయిర్ రైఫిల్‌లోంచి అయిదు పెల్లెట్లూ (చిన్న సీసపు గుళ్లు) ఒకే రంధ్రంలో దూరాయి. ఆ కాగితం మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉంది.

మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు గెలిచిన వీడియో చూసి మొదలుపెట్టిన పిల్ల. చీటీ పాడి రైఫిల్ కొన్నాను. క్లబ్బు పాతదాంతో గుండుకి తొమ్మిది పాయింట్లకు తగ్గని పిల్ల, కొత్తది చేతికి రాగానే ఏడులూ ఆరులూ కొట్టడం మొదలుపెట్టింది. పది పాయింట్లిచ్చే నడిమి వలయం వ్యాసం అర మిల్లీమీటరే. మావి 20 మిల్లీమీటర్ల మేర చెదిరాయి. "ట్రిగ్గర్ గుంజేస్తున్నావా, ఊపిరి సరిగా పట్టడం లేదా" అని రోజూ అడిగింది నేనే. పిల్ల అన్నం తగ్గించేసింది. నాకు దిక్కు తోచలేదు.

అప్పుడు వచ్చారు హిందూపురం పెద్దాయన, సైన్యంలో చేసి రిటైరైనవారు. "ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టి తుపాకీని అడుగుదాం" అన్నారు. తువాలు చుట్టి రైఫిల్‌ని బల్ల మీది వైస్‌లో (వస్తువుని కదలకుండా పట్టే బిగింపు) బిగించి కాల్చారు. మనిషి చెయ్యి తగలకపోయినా గుళ్లు అలాగే చెదిరాయి. ఆయన వెనక్కి తిరిగి, "చూస్తివా పాపా, నీ తప్పేం ల్యా" అన్నారు. మా అమ్మాయి ముఖం నేను మరిచిపోలేను.

రైఫిల్ ఇనుప భాగాన్ని స్టాక్‌కి (భుజానికి ఆనించుకునే భాగానికి) పట్టి ఉంచే స్క్రూలలో ముందుది వదులుగా ఉందని కనిపెట్టింది మేం కాల్పులు సాధన చేసే రేంజ్‌లో పనిచేసే కన్నడ తమ్ముడు. కొత్తది కదా, గట్టిగానే ఉంటుందని నేను దాని జోలికే పోలేదు. అది వదులైతే ప్రతి గుండుకీ బారెల్ వెంట్రుకవాసి జరిగి మరోచోట కూర్చుంటుంది. ఎస్పీ రోడ్డులో టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) కొనుక్కొచ్చి, మాన్యువల్‌లో ఉన్న లెక్కకే బిగించాం. చెదరడం సగానికి తగ్గింది. గురి చూసే సైటు కూడా మార్చేద్దామని నేను తొందరపడితే పెద్దాయన ఆపారు. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుందన్నారు.

మిగతా సగం పెల్లెట్లలో ఉంది. చెన్నై నుంచి పోటీకి వచ్చిన చెల్లెమ్మ తన డబ్బాలు మూడు మా చేతిలో పెట్టింది. పెల్లెట్ తల వ్యాసాలు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు, బరువు మాత్రం అన్నీ 0.53 గ్రాములే. డబ్బా మార్చినప్పుడల్లా ఫెల్ట్ పెల్లెట్లతో (ఉన్నిలాంటి మెత్తటి గుళ్లతో) బారెల్ తుడిచి, కొన్ని ఊరికే కాల్చి, తర్వాత అయిదేసి లెక్కపెట్టాం. మేం ఇన్నాళ్లూ వాడింది 4.49. మా బారెల్‌కి నచ్చింది 4.51. మీ రైఫిల్‌కి అదే నప్పుతుందని అనుకోకండి, దేనికదే పరీక్షించుకోవాలి.

పెద్దాయనా, తమ్ముడూ, చెల్లెమ్మా, మీ ముగ్గురికీ మా నమస్కారాలు. డబ్బాల్లో వాడినంత మళ్లీ నింపి చెల్లెమ్మకు కొరియర్ చేస్తున్నాం. టార్క్ రెంచ్ రేంజ్‌లోనే, వైస్ పక్కన మేకుకి తగిలించి ఉంచాను. ఎవరికి కావాలన్నా తీసుకోండి.