టాల్‌స్టాయ్‌ని తూకానికి అమ్మేశాం

సంపాదకుల వారికి,

అయ్యా,

కిందటి నెల మా ఊరి శాఖా గ్రంథాలయం ముందు పాత పేపర్ల బండి ఆగి ఉంటే తొంగిచూశాను. గోనెసంచుల్లో పాత వారపత్రికలు, వాటి మధ్య మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. ఒకటి పైకి తీస్తే రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ కథలు. గట్టి అట్ట, లోపల గ్రంథాలయం గుండ్రటి ముద్ర, చివరి పేజీకి అంటించిన తేదీల చీటీ. దాని మీద ఆఖరి తేదీ 1994. “అప్పట్నుంచీ ఎవరూ అడగలేదు మాస్టారూ, గ్రూప్స్ పుస్తకాలకు బీరువా కావాలి” అన్నాడు అక్కడి కుర్రాడు. అబద్ధమేం చెప్పలేదు. మన రీడింగు రూములు ఇవాళ బతుకుతున్నదే పోటీ పరీక్షల పిల్లలతో. వాళ్లను నేను ఒక్క మాట అనను. కానీ ఆ గోనెసంచిలో పడ్డ మనిషి ఎవరో గ్రంథాలయ సెస్సు కట్టే వాళ్లకైనా తెలియాలి కదా.

టాల్‌స్టాయ్ అంటే వెయ్యి పేజీల నవల రాసిన గడ్డం దొర అనే మనకు గుర్తు. నిజంగా దొరే, 1828లో యాస్నయా పొల్యానా అనే జమీలో పుట్టాడు. ఆ దొర 1859లోనే రైతుల పిల్లలకు సొంత ఎస్టేట్‌లో బడి పెట్టాడు. రైతులు అప్పటికింకా జమీందార్ల సొత్తే, వాళ్లకు విముక్తి వచ్చింది 1861లో. వయసు పైబడేకొద్దీ తన పెద్ద నవలల మీద ఆయనకే విసుగు పుట్టింది, ఊళ్లో రైతుకు అందని పుస్తకం ఎందుకని. 1884లో చెర్త్‌కోవ్ అనే మిత్రుడితో కలిసి పొస్రేద్నిక్ అనే ప్రచురణ సంస్థ పెట్టించాడు. పేరుకు అర్థం మధ్యవర్తి. కోపెక్ (మన పైసా లాంటి రష్యా నాణెం), కోపెక్కున్నర ధరకు చిన్న పుస్తకాలు వేసేవారు. ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే వాళ్ల మూటల్లో అవీ పల్లెలకు చేరేవి. మన విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను నాకు ఇక్కడే గుర్తొస్తుంది. జీతం రాళ్లలోంచి నాలుగు రూపాయలు తీసి ఆ వ్యాను దగ్గర రష్యన్ పుస్తకం కొన్న వాళ్లు నా ఈడు వాళ్లలో ఎందరో.

మనిషికి ఎంత నేల కావాలి అనే 1886 నాటి కథ అందరూ విన్నదే. పహోమ్ అనే రైతు వెయ్యి రూబుళ్లు కడతాడు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేలోగా ఎంత చుట్టి వస్తే అంత నేల అతనిది. వెనక్కి తిరగాల్సిన వేళ పల్లంలో తడి నేల కనబడుతుంది. అవిసె బాగా పండుతుందని దాన్నీ కలుపుకుంటాడు. ఆలస్యమై, వెనక్కి పరుగెత్తి చచ్చిపోతాడు. ఆ పల్లమే ప్రాణం తీసింది. నేను తొమ్మిదో తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, “మా నాన్నా అంతేనండీ, ఏటా గట్టు జరుపుతాడు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

టాల్‌స్టాయ్ చివరి రోజులు పాడైంది కూడా పుస్తకాల హక్కుల గొడవతోనే. 1881 తర్వాత రాసినవి ఎవరైనా ఉచితంగా అచ్చేసుకోవచ్చని 1891లో ప్రకటించాడు. పాత నవలల రాబడి భార్య సోఫియా చేతిలో ఉండేది. పదమూడు మందిని కన్న తల్లి, పిల్లల సంగతేమిటని ఆమె అడగడంలో నాకు తప్పు కనబడదు. 1910లో ఆయన ఆమెకు తెలియకుండా అడవిలో మొద్దు మీద కూర్చుని, అన్నీ ప్రజలకే చెందేలా వీలునామా మీద సంతకం పెట్టాడు. కొన్ని నెలలకే ఓ రాత్రి ఇల్లు విడిచి, అస్తపోవో రైల్వే స్టేషన్లో, స్టేషన్ మాస్టర్ ఇంట్లో న్యుమోనియాతో కన్నుమూశాడు. ఆమెను ఆఖరి ఘడియల దాకా లోపలికి రానివ్వలేదు. మునివేళ్ల మీద నిలబడి కిటికీలోంచి లోపలికి చూస్తున్న ఆమె ఫొటో నేటికీ ఉంది.

అదే ఏడాది దక్షిణాఫ్రికాలో జోహానెస్‌బర్గ్ దగ్గర, మిత్రుడు కలెన్‌బాఖ్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో గాంధీ సత్యాగ్రహుల కుటుంబాలను ఉంచి, దానికి టాల్‌స్టాయ్ ఫారం అని పేరు పెట్టారు. అక్కడ ఉన్నవారిలో ఆంధ్రదేశం వాళ్లూ ఉన్నారని గాంధీయే రాశారు. టాల్‌స్టాయ్ పేరున్న నేల మీద మనవాళ్లు గుంటలు తవ్వారు, తోటపని చేశారు. మనం ఆయన్ను కిలోల్లెక్కన అమ్ముతున్నాం.

ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న హక్కుతో రెండు మాటలు అడుగుతున్నాను. పుస్తకాలను లెక్కల్లోంచి కొట్టివేసే ముందు జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టండి. పాత రష్యన్ అనువాదాలు ఒక్కో ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పంపి స్కాన్ చేయించండి. మూల రచనలకు కాపీరైటు లేదు. అనువాదకుల హక్కు మాత్రం వారు పోయాక అరవై ఏళ్ల దాకా ఉంటుంది, కాబట్టి కుటుంబాలను అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చి మళ్లీ వేయాలి. 2028 సెప్టెంబరు 9కి టాల్‌స్టాయ్ పుట్టి రెండు వందల ఏళ్లు. చేయదలిస్తే ఆలోగా చేయొచ్చు.

బండివాడి దగ్గర నలభై రూపాయలకు మూడు పుస్తకాలు కొన్నాను. గ్రంథాలయం వారు అడిగితే రసీదు రాయించుకుని తిరిగి ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కృష్ణా జిల్లా