డ్రాయింగ్ పీరియడ్‌ లెక్కలకు ఇచ్చేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మా మనవడు ఏడో తరగతి. టైమ్‌టేబుల్లో శనివారం చివరి పీరియడ్ డ్రాయింగ్ అని ఉంది. ఈ ఏడాది ఆ పీరియడ్‌లో వాడు రాసినవన్నీ లెక్కల స్లిప్ టెస్టులే. బడికి వెళ్లి అడిగితే, "డ్రాయింగ్‌దేముందండీ, ఇంటి దగ్గర వేసుకుంటాడు" అన్నారు. నేనేమో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసినవాణ్ణి. ఏం చెప్పాలో తోచక వచ్చేశాను.

వాడికి యానిమేషన్ పిచ్చి. ఇంటర్ అవగానే కోర్సులో చేరతానంటాడు. చేరనీండి. సాఫ్ట్‌వేర్ నెలల్లో వస్తుంది, చెయ్యి తిరగడానికి మాత్రం ఏళ్లు కావాలి.

అమెరికాలో అలెక్స్ టోత్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1928లో న్యూయార్క్‌లో పుట్టాడు. బొమ్మలు నేర్చుకున్నది అక్కడి ప్రభుత్వ హైస్కూల్లోనే. చదువుకుంటూనే బొమ్మలు అమ్మాడు. 1947లో, అంటే మనకు చందమామ మొదలైన ఏడే, పెద్ద కామిక్స్ కంపెనీలో కుదురుకున్నాడు. 1960ల్లో టీవీ వైపు వెళ్లి, 'టామ్ అండ్ జెర్రీ' సృష్టికర్తలు హానా, బార్బెరాల స్టూడియోలో పాత్రలకు రూపం ఇచ్చాడు. 1966 నాటి 'స్పేస్ ఘోస్ట్' అతని గీతే.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. టీవీ కార్టూన్లకు అన్ని బొమ్మలు గీయించే డబ్బూ టైమూ ఉండేవి కావు. మనిషిని అలాగే నిలబెట్టి పెదవులో చెయ్యో కదిలించేవారు. కాబట్టి కదలని బొమ్మే సగం కథ చెప్పాలి. పైగా ఒకే పాత్రను ఎందరో గీస్తారు. వాళ్ల కోసం ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటుందో ఒక కాగితం మీద వేసివ్వాలి. అది టోత్ పని. ఎవరి చేతిలో పడ్డా అదే మనిషిలా ఉండాలంటే అక్కర్లేని గీత ఒక్కటీ మిగలకూడదు. బాపు గారి గీత చూసినవాళ్లకు ఇదంతా విడమరచి చెప్పనక్కర్లేదనుకోండి. ఏ గీత వదిలేయాలో మౌస్ చెప్పదు.

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పాసైన నా శిష్యులు కొందరు ఫ్లెక్సీ షాపుల్లో పెళ్లి ఫొటోలు అతికిస్తున్నారు. అలాంటివాళ్లను బళ్లలోకి తీసుకోవాలి. తనిఖీకి వచ్చే అధికారులు, ప్రైవేటు బడైనా సరే, లెక్కల నోట్సుతో పాటు డ్రాయింగ్ పుస్తకం కూడా తెమ్మని అడగాలి. ఆ ఒక్క మాటతో పీరియడ్ దానంతటదే వెనక్కి వస్తుంది.

పోయిన శనివారం మావాడు టెస్టు పేపరు వెనక రోబో బొమ్మ వేశాడు. రెండు మార్కులు కోసేశారు. బొమ్మ మాత్రం బాగుంది.

ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
సత్యనారాయణపురం, విజయవాడ