మేడ మీది రేడియోకు ఏ కేబుల్ వేశారో బిల్లులో రాయించండి

సంపాదకుడు గారికి,

మా ఉద్దానం వైపు ఫైబర్ అందని చోట్ల బడికీ, ఆఫీసుకీ, ఇంటికీ మేడ మీద చిన్న రేడియో డబ్బా బిగించి దూరపు టవర్ నుంచి ఇంటర్నెట్ తెచ్చుకుంటున్నాం. డబ్బా ఏ కంపెనీది, స్పీడు ఎంత అని అందరూ అడుగుతారు. దాన్నుంచి గదిలోకి దిగే కేబుల్ సంగతి కొనేవారూ అడగరు, బిల్లు పాస్ చేసేవారూ అడగరు. వానాకాలంలో నెట్ పదేపదే పోతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ కేబుల్‌నీ, దాని చివరనున్న జాక్‌నీ.

ఈ రేడియోలకు కరెంటు, డేటా రెండూ ఒకే కేబుల్లో వెళ్తాయి. గదిలో ఉండి కేబుల్లోకి కరెంటు పంపే పీవోఈ అడాప్టర్ చాలా వాటికి 24 వోల్టులది. బజార్లో చవగ్గా దొరికే కేబుళ్లలో 'సీసీఏ' రకం ఎక్కువ. లోపలంతా అల్యూమినియమే, పైన రాగి పూత. అసలు రాగి తీగతో పోలిస్తే దీని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. పది మీటర్ల దూరానికైతే తేడా తెలియదు. యాభై, అరవై మీటర్లు లాగితే పైకి చేరేలోపే వోల్టేజి పడిపోతుంది. వాడకం పెరిగిన వేళ రేడియో దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. కంప్లయింట్ చేస్తే 'సిగ్నల్ ప్రాబ్లం' అనేస్తారు. టవర్ మీదకు తోసేస్తే ఎక్కి చూసేదెవరు!

దీన్ని పట్టుకోవడానికి ఇంజినీరు అక్కర్లేదు. తీగ కొసను బ్లేడుతో గీకితే చాలు. తెల్లగా మెరిసిందంటే అల్యూమినియం. నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా.

తొడుగు సంగతీ అంతే. గదుల్లో వాడే బూడిదరంగు పీవీసీ కేబుల్‌ను మేడ మీద పరిస్తే ఎండకు గట్టిపడి బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి దూరిన వాననీరు కేబుల్ లోపలే కిందికి జారి అడాప్టర్ దాకా వస్తుంది. బయట వాడటానికి తయారైన కేబుల్‌కు ఎండను తట్టుకునే నల్లటి పాలిథీన్ తొడుగు ఉంటుంది. నల్లగా ఉన్నదల్లా అదేనని నమ్మకండి, తొడుగు మీది అక్షరాలు చదవండి.

ఇక జాక్. బారువ, భావనపాడు, కళింగపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పు పడతాయి. జాక్ పిన్నుల మీద బంగారు పూత మరీ పల్చగా ఉంటే తడి తగిలి చిలుము పడుతుంది. అందులో కరెంటు కూడా పారుతుంటుంది కాబట్టి ఇంకా త్వరగా తినేస్తుంది. మనవాళ్లు దానికి ఇన్సులేషన్ టేప్ చుట్టి దిగిపోతారు. మన దగ్గర ఆ టేపు సర్వరోగ నివారిణి కదా! ఒక్క వేసవి ఎండకే జిగురు కరిగి ఊడిపోతుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు వాడాలి. కేబుల్ డబ్బాలోకి కింది నుంచే వెళ్లాలి. గోడలోకి దూరే ముందు కాస్త కిందికి వేలాడేలా వంపు వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

షీల్డు, అంటే తీగల చుట్టూ లోహపు పొర, ఉన్న కేబుల్ కొని ప్లాస్టిక్ జాక్ కొడితే ఆ షీల్డు వృథా. లోహపు జాక్ వేయాలి, ఎర్తింగ్ ఇవ్వాలి. పిడుగు నేరుగా పడితే ఏదీ ఆగదు. పక్కన ఎక్కడో పడినప్పుడు కేబుల్లో పుట్టే వోల్టేజి నుంచి రేడియోను కాపాడటానికే ఇవన్నీ. యాంటెన్నా విడిగా ఉండే చోట ఇంకో చిక్కు. 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర, రేడియోను యాంటెన్నాకు కలిపే సన్నటి ఆర్‌జీ-58 కోయాక్స్ తీగ మూడు మీటర్లలోనే సుమారు సగం సిగ్నల్ పవర్ తినేస్తుంది. ఖరీదైన యాంటెన్నా కొనేకంటే రేడియోను దాని పక్కకు చేర్చడం మేలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. అంత గాలికి మంచి కేబుల్ అయినా నిలుస్తుందని నేననడం లేదు. తుపాను వెళ్లిపోయాక, బియ్యానికీ మందులకూ నీళ్లకూ కబురు పంపాల్సిన వేళ, రేడియో బాగానే ఉండి జాక్ చిలుము వల్ల నెట్ రాకపోవడం మాత్రం మన చేతులారా తెచ్చుకున్నదే.

అందుకే జిల్లా అధికారులకు నా విన్నపం. ఆర్డరులో 'కేబుల్ సహా' అని ఒక్క మాటతో సరిపెట్టకండి. పూర్తి రాగి తీగ, బయట వాడే తొడుగు, షీల్డు, లోహపు జాక్, ఎర్తింగ్, ఎన్ని మీటర్లు అన్నది రాయించండి. అవేవీ రాయకుండా తక్కువ రేటు వేసినవాడికే పని ఇస్తే అతను సీసీఏ కాక ఇంకేం వేస్తాడు? బిగించిన రోజు మిగిలిన కేబుల్ నుంచి అర అడుగు ముక్క కోసి, ప్రధానోపాధ్యాయుడో పంచాయతీ కార్యదర్శో తీగ గీకి చూసి, ఆ ముక్కను బిల్లుకు జతచేయాలి. ఇప్పటికే బిగించిన వాటి జాకులను ఏటా సెప్టెంబరులో, తుపానుల రోజులు రాకముందే, విప్పి చూసి చిలుము పట్టినవి మార్పించాలి.

— ఒక పాఠకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా