పేరు చెప్పకుండా వెళ్లిన గురువుగారికి

సైకిల్‌కి క్లిప్‌లెస్ పెడళ్లు వాడటం మాకందరికీ నేర్పి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన మీకు మా కృతజ్ఞతలు. (షూ అతుక్కునే పెడల్‌కి 'క్లిప్‌లెస్' అని పేరేమిటో! కాలి వేళ్లను పట్టి ఉంచే పాతకాలపు టో క్లిప్ లేదనే లెక్క.)

ముందు 3 ఎంఎం అలెన్ కీతో షూని పట్టి ఉంచే స్ప్రింగ్ బిగువు బాగా తగ్గించమన్నారు. పెడల్‌కి రెండు వైపులా స్క్రూ ఉంటుందనీ, రెండు పెడళ్లకు కలిపి నాలుగూ సమానంగా తిప్పాలనీ మీరు చెప్పకపోతే సగం మంది మరిచేవాళ్లమే. మడమను బయటికి తిప్పితేనే కాలు పెడల్ నుంచి విడుతుంది; కంగారులో పైకి లాగితే మామూలు క్లీట్ (షూ కింద ఉండి పెడల్‌లో ఇరుక్కునే ముక్క) వదలదు. అందుకే గడ్డి మీద, తేలిక గేరులో, ఆగడానికి నాలుగైదు మీటర్ల ముందే కాలు విడిపించడం అలవాటు చేయించారు. విడిపించిన కాలి వైపే ఒరగాలి, రెండో వైపు ఒరిగితే పడటమే.

అన్నిటికన్నా విలువైన మాట క్లీట్ బోల్టుల గురించి. వాటికి గ్రీజు రాసి, 4 ఎంఎం కీతో 5–6 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఒక క్లీట్‌కున్న రెండు బోల్టుల్లో ఒకటి ఊడితే మడమ తిప్పినప్పుడు క్లీట్ కూడా షూ కింద తిరిగిపోతుంది, కాలు ఇరుక్కుపోతుంది. చాలామంది అనవసరంగా పెడల్‌ని తిడతారు. మొదటి రెండు మూడు రైడ్ల తర్వాత మళ్లీ బిగించి చూడమన్నారు, చూస్తున్నాం.

క్లీట్‌లో, పెడల్‌లో చేరే బురదకి మాత్రం మందు లేదన్నారు: పుల్లతో గీకడమే.