పార్టీలకు చేరే విదేశీ డబ్బు గురించి కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రి గారికి,

నమస్కారం. మా ఊళ్లో రిటైరైన ఇద్దరు టీచర్లు, నేను, ఇంకో నలుగురం కలిసి ఒక చిన్న ట్రస్టు పెట్టుకుని బడి పిల్లల కోసం లైబ్రరీ నడుపుతున్నాం. బీరువాలు లేక సగం పుస్తకాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వానాకాలం వస్తే వాటి మీద పట్టా కప్పుతాం. నాతో పదో తరగతి చదివిన స్నేహితుడొకడు అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. తను చదివిన బడే కదా, బీరువాలకు యాభై వేలు పంపుతానన్నాడు. మా ఆడిటర్ గారు వద్దన్నారు. అతను ఇప్పుడు విదేశీ పౌరుడు, అది విదేశీ విరాళం అవుతుందట. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అది దొరికినా డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. మా ఏడాది ఖర్చు లక్ష దాటదు. ఆ మాట ఫోన్లో చెప్పలేక వారం రోజులు నాన్చాను.

బయటి దేశాల డబ్బు మన వ్యవహారాల్లో వేలు పెట్టకూడదన్న ఉద్దేశం మంచిదే, కాదనను. నా బాధల్లా అదే చట్టం పార్టీల దగ్గర ఎందుకు మెత్తబడిందన్నదే.

పార్టీలు, అభ్యర్థులు విదేశీ డబ్బు ముట్టకూడదని ఈ చట్టం 1976 నుంచీ చెబుతోంది. సగానికి మించి వాటాలు విదేశీయుల చేతిలో ఉంటే, ఇక్కడ రిజిస్టరైన కంపెనీ అయినా విదేశీ సంస్థ కిందే లెక్క. 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ లెక్క ప్రకారమే తీర్పిచ్చింది. అప్పట్లో లండన్ కంపెనీ చేతిలో ఉన్న వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని, ఆరు నెలల్లో చర్య తీసుకోవాలని చెప్పింది.

చర్యకు బదులు సవరణ వచ్చింది. 2016 ఫైనాన్స్ చట్టంతో విదేశీ సంస్థ అన్న మాటకు అర్థమే మార్చేశారు. కంపెనీ ఉన్న రంగానికి అనుమతించిన ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి) పరిమితిలో ఉంటే చాలు, విదేశీ వాటా సగం దాటినా ఇక అది విదేశీ సంస్థ కాదు. నూటికి నూరు శాతం ఎఫ్‌డీఐకి అనుమతి ఉన్న రంగాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. ఆ సవరణ 2010 వరకే వెనక్కి వెళ్లింది. కోర్టు తప్పుపట్టిన విరాళాలు అంతకు ముందువి. దాంతో 2018లో మళ్లీ సవరించి 1976 ఆగస్టు 5 దాకా జరిపారు. నలభై రెండేళ్లు వెనక్కి! ఆ ఏడాది ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో గొడవ మధ్య చర్చ లేకుండానే పాసైంది. పరీక్ష తప్పినవాళ్లే కూర్చుని పాస్ మార్కులు తగ్గించుకున్నట్టుంది. మీ పార్టీని ఒక్కదాన్నే అనడం లేదు, రెండు పార్టీలూ దీనితోనే గట్టెక్కాయి.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలు చేర్చే ఎలక్టోరల్ బాండ్లను కొట్టేసినప్పుడు చాలా సంతోషించాం. కానీ ఆ తీర్పు ఈ సవరణల జోలికి వెళ్లలేదు.

ఎఫ్‌సీఆర్‌ఏ మీ శాఖ చేతిలోనే ఉంది. ఈ రెండు సవరణల రద్దుకు విడిగా ఒక బిల్లు తెండి, ఫైనాన్స్ బిల్లులో కలిపేయకండి. సభలో అందరినీ మాట్లాడనివ్వండి. విదేశీ వాటా సగం దాటిన కంపెనీలు 2016 నుంచి ఏ పార్టీకి ఎంతిచ్చాయో లెక్క తీసి బయటపెట్టండి. మా ఊరికి ఓటడగడానికి వచ్చే మనిషి వెనక ఎవరి డబ్బుందో ఓటు వేయకముందే మాకు తెలియాలి.

ఇట్లు,
ఒక పల్లెటూరి లైబ్రరీ ట్రస్టు సభ్యుడు