అమ్మలూ, మీ నాన్న కట్టిన ఓడ ఎక్కొచ్చాం

చి. సౌ. అమ్మలుకి,

అమ్మ దీవించి రాయునది. అల్లుడుగారిని, బుజ్జిగాడిని అడిగానని చెప్పు. ట్రిప్ ఎలా జరిగిందని నువ్వు ఫోన్‌లో అడిగితే బాగానే జరిగిందని ఊరుకున్నాను. అంతకంటే చెప్పబోతే నువ్వు మధ్యలో వాడి మీద కేకలేస్తావు, ఈలోగా లైన్ కట్టవుతుంది. అందుకే రాస్తున్నాను. వాడు పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

ముందు నీ కోపం సంగతి. మా 40వ పెళ్లిరోజుకని అంత డబ్బు పంపి, బాల్కనీ గదీ స్విమ్మింగ్ పూలూ ఉన్న పెద్ద క్రూజ్ ఎక్కమన్నావు. మేమేమో గవర్నమెంట్ ఓడలో లక్షద్వీప్ వెళ్లొచ్చాం. "ఇక్కడ కూడా పిసినారితనమేనా అమ్మా" అన్నావు. ఆ ఓడ పేరు ఎం.వి. కవరత్తి. మన విశాఖ సింధియాలో, మీ నాన్న పనిచేసిన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిన ఓడ. నువ్వు ఇంటర్ చదివేటప్పుడు మీ నాన్న డ్యూటీ దిగి కళ్లు ఎర్రగా వాచిపోయి వస్తే, బంగాళాదుంప చెక్కలు కోసి ఆ కళ్ల మీద వేసేదాన్ని చూడు, ఆ వెల్డింగంతా ఈ ఓడదే. 2008లో దాన్ని అప్పగించి పంపేశాక ఆయన మళ్లీ చూడలేదు. రిటైరయ్యాక ఒకసారి ఎక్కాలని మనసులో పెట్టుకున్నారట. నాతో అనలేదు. నన్ను అడిగితే నేనూ స్విమ్మింగ్ పూలున్నదే కావాలనేదాన్నేమో, అందుకే టికెట్ బుక్ చేశాకే చెప్పారు.

2021 డిసెంబర్‌లో ఈ ఓడ ఇంజన్ రూమ్‌లో మంటలొచ్చాయని ఎక్కడో చదివి నువ్వు టెన్షన్ పడ్డావు కదా. నేనూ పడ్డాను. ఆరు వందల మందికి పైగా ఉన్నారట అప్పుడు, అందరూ క్షేమంగానే దిగారు. మీ నాన్నని అడిగితే, "మంట ఇంజన్ రూమ్‌లో కదా, హల్‌కి ఏమీ అవలేదు కదా" అన్నారు. హల్ అంటే ఓడ ఒళ్లు, ఆయన పనిచేసింది దాని మీద మరి. ఓడలో మిగతాదంతా ఆయన లెక్కలో పైన పెట్టిన సామానే.

విశాఖలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎర్నాకుళంలో దిగాం. కొచ్చిలో వెల్లింగ్డన్ ఐలాండ్ నుంచి ఓడ బయల్దేరుతుంది. బ్యాగులు స్కాన్ చేయించి, పర్మిట్ కాగితాలు చూపించి లోపలికి వెళ్లాక గాని నాకు అర్థం కాలేదు, ఇది మనం అనుకునే క్రూజ్ కాదని. టూరిస్టులం ఉన్నాం, కానీ ఆ దీవుల వాళ్లు కూడా ఉన్నారు. ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని వెళ్తున్న ముసలాయన, కాలేజీ సెలవులకి ఇంటికెళ్తున్న పిల్లలు, ఫ్యాను పెట్టెలూ పరుపు చుట్టలూ మోసుకొచ్చిన కుర్రాళ్లు. మనకి గాజువాక బస్సెలాగో వాళ్లకి ఈ ఓడ అలాగ. ఏడు వందల మంది పడతారు. మాకు ఇద్దరికీ ఒక గది ఇచ్చారు. చిన్నదే, కానీ శుభ్రంగా ఉంది. డాన్సులు, మందు ఏమీ లేవు. బంగారం అనే ఒక దీవి తప్పిస్తే లక్షద్వీప్ అంతటా మద్యం నిషేధమే. మా వరసలో ఉన్న ఒక మగాళ్ల గుంపు మొహాలు ఆ మాట విన్నాక చూడాల్సింది.

ఫోర్ట్ కొచ్చి పక్కనుంచి, చైనా వలలు ఎడమవైపు వదిలేసి ఓడ సముద్రంలోకి వెళ్లింది. అందరూ ఫోన్లు పట్టుకుని ఫోటోలు తీస్తుంటే మీ నాన్న డెక్ మీద ఒంగుని నేల చూస్తున్నారు. రంగు కింద ప్లేటుకీ ప్లేటుకీ మధ్య అతుకు గీత కనిపిస్తుందట. చేత్తో తడుముతూ, "ఇది ఆటోమేటిక్ మెషీను కొట్టింది, ఇదిగో ఇది చేత్తో కొట్టింది" అని చూపించారు. నాకు రెండూ ఒకటే. కానీ ఆయన అంత ఇష్టంగా చెబుతుంటే నేను కూడా వంగి తడిమాను. పక్కన గుజరాతీ అమ్మాయి ఏదో పడిపోయిందనుకుని మాకోసం వెతకడం మొదలుపెట్టింది.

ముప్పై ఏళ్లకు పైగా ఆయనకి క్యారేజీ కట్టాను అమ్మలూ. షిప్‌యార్డ్ గేటు దాకా వెళ్లాను గాని లోపల ఆ క్యారేజీ ఎక్కడ తినేవారో, తిన్నాక ఏం చేసేవారో నేను చూసింది లేదు. ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువని నీకు తెలుసు కదా. ఓడలో ఒక సిబ్బంది కుర్రాడు దొరికాడు, మినికాయ్ దీవి వాడు, హిందీ వచ్చు. అతనికి 1948లో నెహ్రూ వచ్చి మన షిప్‌యార్డ్ మొదటి ఓడ 'జల ఉష'ని నీళ్లలోకి దింపిన దగ్గర్నుంచి మొదలుపెట్టి రాత్రి భోజనాల గంట దాకా చెప్పారు. వాళ్ల తాతల కాలంలో పడవల పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారని ఆ కుర్రాడు చెప్పాడు. ఇక చూసుకో, ఆ కుట్టు ఎలా నీళ్లు పట్టదు, ఎన్నాళ్లకొకసారి మార్చాలి అని ఈయన ప్రశ్నలు. నేను వెళ్లి పడుకున్నాను.

ఓడ తీరం దాకా వెళ్లదు. దీవి చుట్టూ పగడపు గట్టు ఉంటుంది, లోపలి నీళ్లు లోతు తక్కువ. అందుకని బయటే ఆగితే చిన్న పడవలొస్తాయి. ఓడ పక్కన నీళ్లకి కాస్త పైన ఒక ఇనుప తలుపు తెరుస్తారు. అలకి పడవ పైకి లేచిన క్షణంలో దానిలోకి అడుగెయ్యాలి. చీర కట్టుకోవద్దని నువ్వు చెప్పింది మంచిదే అయింది. ఇద్దరు నావికులు చెరో రెక్కా పట్టుకుని, "ఇప్పుడు" అనగానే దించేశారు. నాకంటే ముందు ఒక నిండు చూలాలు ఏ హడావిడీ లేకుండా దిగిపోయింది, ఆమెకి అలవాటే. మీ నాన్న దిగకుండా ఆ తలుపు చట్రం చూస్తూ నిలబడిపోతే వెనకాల వాళ్లు అరిచారు. అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా కొట్టాల్సిన వెల్డింగ్ అక్కడేనట. నీళ్ల పక్కనే అంత పెద్ద కన్నం కోశాక చుట్టూ బలం ఇవ్వాలి కదా అన్నారు.

లక్షద్వీప్ మొత్తం కలిపి 32 చదరపు కిలోమీటర్ల నేల. జనం ఉండేవి పది దీవులే. మాకు చూపించినవి కవరత్తి, కల్పేని, మినికాయ్. పగలు దీవి మీద, రాత్రి మళ్లీ ఓడలో. నీళ్ల రంగు గురించి రాయను, ఫోటోలు పంపాను కదా. ఫోటోల కంటే బాగుంది, అంతే.

కవరత్తిలో మీ నాన్న అందరితో పాటు అక్వేరియానికి రాకుండా మంచినీళ్ల ప్లాంటు చూడాలన్నారు. నేను విసుక్కున్నాను గాని ఆ సంగతి విన్నాక నాకే ముచ్చటేసింది. ఆ దీవుల్లో నది లేదు, చెరువు లేదు. కురిసిన వాన ఇసకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. బావి తవ్వితే ఆ పలచని పొరే దొరుకుతుంది. ఎక్కువ తోడితే ఉప్పు పైకొచ్చేస్తుంది. అందుకని 2005లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టారు. పైనుండే నీళ్లు 28 డిగ్రీల వెచ్చగా ఉంటాయి, 350 మీటర్ల లోతునుంచి గొట్టంతో తెచ్చే నీళ్లు 13 డిగ్రీల లోపు. గాలి తోడేసిన గదిలోకి వెచ్చని నీళ్లని వదిలితే మరిగించక్కర్లేకుండానే కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని లోతు నీళ్ల చల్లదనంతో మళ్లీ నీళ్లు చేస్తారు. రోజుకి లక్ష లీటర్లు వచ్చేలా కట్టారట. అల్లుడుగారికి చెప్పు, ఆయనకి ఇలాంటివి ఇష్టం.

సరిగ్గా పెళ్లిరోజు నాడు కల్పేనిలో ఉన్నాం. తూర్పు ఒడ్డున పగడపు రాళ్లు గుట్టగా పోసినట్టు ఉంటాయి, కొన్ని బండలంత ఉన్నాయి. 1847లో వచ్చిన పెద్ద తుఫాను వాటిని సముద్రంలోంచి తెచ్చి పడేసిందని చెబుతారు. హుద్‌హుద్ తుఫాను రోజు మన మేడ మీద ట్యాంకు ఎగిరిపోయాక నేను అలాంటి మాటలు ఠక్కున నమ్మేస్తాను. 2014లో మనకి కొండలున్నాయి, పారిపోవడానికి రోడ్లున్నాయి. ఆ దీవి మీద ఎటు పరిగెత్తినా సముద్రమే కదా. అది తలుచుకుంటే అక్కడి కొబ్బరి చెట్ల అందం నాకు సగం తగ్గిపోయింది.

మీ నాన్న లైఫ్ జాకెట్ వేసుకుని, మూతికి గొట్టం పెట్టుకుని నీళ్లలోకి దిగారు. ఈ వయసులో! నేను అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చున్నాను. పసుపూ నలుపూ చారల చేపలు గుంపులుగా వెళ్తున్నాయి, ఒక తాబేలు మా కిందనుంచే ఈదుకుంటూ పోయింది. కానీ చాలాచోట్ల పగడాలు ముగ్గు పిండి రంగులో ఉన్నాయి. అవి చచ్చినట్టేనా అని పడవతన్ని అడిగాను. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉండే నాచుని వదిలేసి తెల్లబడుతుందట. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చస్తుంది. 1998లో, 2010లో, 2016లో పెద్దగా తెల్లబడ్డాయని చెప్పాడు. పగడం పోతే అలని ఆపే గట్టు పోతుంది, ఆ తర్వాత దీవి గతి ఏమిటని నేను అడగలేదు. అతనిది ఆ ఊరే.

ఇంకో సంగతి చెప్పాలి, నువ్వు నవ్వుతావు. ఓడలో నా పక్కన కూర్చున్న కల్పేని ఆవిడ కొచ్చిలో కంటి ఆపరేషన్ చేయించుకుని వెళ్తోంది. వాళ్లు ముస్లింలే, కానీ వంశం ఆడవాళ్ల వైపునుంచి నడుస్తుంది. తల్లి ఇంటి ఆస్తి ఆడపిల్లల ద్వారానే దిగుతుంది, దాన్ని శుక్రవారం ఆస్తి అంటారట. సొంతంగా సంపాదించింది సోమవారం ఆస్తి. పాత పద్ధతిలో పెళ్లయినా ఆడపిల్ల పుట్టింట్లోనే ఉంటుంది, మొగుడే రాత్రికి వచ్చి పొద్దున్నే తన తల్లి ఇంటికి వెళ్లిపోతాడు. ఇప్పుడు అంతా అలా లేదంది. నేను ఇరవై ఏళ్లకే రైలెక్కి మీ నానమ్మ ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. నువ్వేమో విమానమెక్కావు. నాకు ఆ పద్ధతి బ్రహ్మాండంగా ఉందనిపించి మీ నాన్నకి చెప్పాను. "మరి క్యారేజీ ఎవరు కట్టేవారు?" అన్నారు. మగాళ్లకి ఏం చెప్పినా అక్కడికే వస్తారు.

మినికాయ్ మిగతా దీవులకి దూరంగా, మాల్దీవుల వైపు ఉంటుంది. భాష కూడా వేరే, మలయాళం కాదు, మహల్. చాలా ఇళ్లలో మగవాళ్లు ప్రపంచంలోని ఓడల మీద ఉద్యోగాలకి వెళ్తారు. 1885 నాటి లైట్‌హౌస్ ఉంది. మెట్లు ఎక్కలేక నేను సగంలో కూర్చుండిపోయాను, మీ నాన్న పైదాకా వెళ్లారు. అక్కడ సూరచేపని వల వెయ్యకుండా కర్రా గాలంతో ఒక్కొక్కటే పడతారు. ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెడితే చెక్కలా గట్టిపడుతుంది, దాన్ని మాస్ అంటారు. అర కేజీ తెచ్చాను. కొబ్బరీ పచ్చిమిర్చీ వేసి పచ్చడి చేశాను. మన ఎండుచేపల కంటే వాసన తక్కువ, రుచి ఎక్కువ. నీకు పంపుదామంటే అక్కడి ఎయిర్‌పోర్ట్ వాళ్లు ఊరుకోరని మీ నాన్న వద్దన్నారు.

తిరిగొచ్చేటప్పుడు రాత్రి సముద్రం కాస్త గట్టిగానే ఉంది. గదంతా ఊగింది, నాకు వాంతులయ్యాయి. ఈయన మాత్రం గోడకి చెవి పెట్టి ఓడ చప్పుడు వింటూ, "ఏమీ అవదు, పడుకో" అన్నారు. ఈసారి ఆ మాట ఊరికే ధైర్యానికి అనలేదని నాకు తెలుసు, పడుకున్నాను.

డిసెంబర్‌లో మీరొస్తే అందరం మళ్లీ వెళ్దామంటున్నారు. వానాకాలంలో టూరిస్టు ట్రిప్పులు ఉండవు, అక్టోబర్ నుంచి మే లోపే. పర్మిట్‌కి టైమ్ పడుతుంది, ముందే మొదలుపెట్టాలి. బుజ్జిగాడిది అక్కడి పాస్‌పోర్ట్ కదా, విదేశీయులకి రూల్స్ వేరు, అన్ని దీవులకీ పంపరని విన్నాం. వాడి పాస్‌పోర్ట్ కాపీ, మీ ఇద్దరివీ వాట్సాప్‌లో పెట్టు. వాంతుల మాత్రలు ఇక్కడే కొంటాను, నువ్వు తేనక్కర్లేదు. పిల్లాడి సైజు లైఫ్ జాకెట్ దొరికితే మాత్రం అక్కడినుంచి తీసుకురా, ఓడలో ఉన్నవి వాడికి మోకాళ్ల దాకా వస్తాయి.

ఇట్లు,
మీ అమ్మ